పట్టా ఉంది, పొలం లేదు

ఉప్పాడలో ఇళ్ళు కడలిపాలవడం చూసినవాళ్ళకు ఘోడామారా రైతుల గోడు విడమరచి చెప్పనక్కర్లేదు. పశ్చిమబెంగాల్లో హుగ్లీ నది సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న లంక అది. 1975 ప్రాంతంలో ఎనిమిది చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. 2012 నాటికి సుమారు సగం మిగిలింది. ఆ పక్కనున్న లోహాచరా లంక 1980లలోనే మునిగింది.

అక్కడి రైతు బతుకంతా వరి, తమలపాకు. మనవైపు అవిసె మొక్కలకు పాకించే తీగనే వాళ్ళు వెదురు పందిరి వేసి, చుట్టూ దడికట్టి, బిడ్డను సాకినట్టు సాకుతారు. పందిరికి పెట్టుబడి కావాలి, పెట్టుబడికి అప్పు కావాలి. ఉప్పునీళ్ళు వచ్చి నిలిచాయా, ఆకు పోతుంది, అప్పు మాత్రం ఉంటుంది. 2021 మే 26న యాస్ తుపాను, పున్నమి పోటు ఒక్కరోజే వచ్చిపడి లంకంతా ముంచేశాయి. పొలాల్లో దిగిన ఉప్పును కడగడానికి వానలే దిక్కు.

తుపానుకైతే ఎంతో కొంత సాయం వస్తుంది. మరి తుపాను లేకుండానే రోజుకింత గట్టు విరిగి పడుతుంటే ఎవరిని అడగాలి? కోతకు నిర్వాసితులైనవారి పునరావాసానికి వెయ్యి కోట్లు పెట్టమని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. అదీ అయిదేళ్ళకు, దేశం మొత్తానికి! భూమికి భూమి ఇమ్మనడం దానమడగడం కాదు గదా.

ఇదంతా ప్రకృతి వైపరీత్యమని చేతులు దులుపుకోవడానికి లేదు. 1901 నుంచి 2018 లోపల ప్రపంచంలో సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. బొగ్గు, చమురు తగలేసి లాభాలు పోగేసుకున్నది తమలపాకు రైతు కాదు. ఫరక్కా బ్యారేజీ, హల్దియా ఓడల దారి కూడా ప్రవాహాన్ని మార్చాయనే వాదన ఉంది. ఎవరి వాటా ఎంతో పండితులు తేల్చుకోనీ, పొలం పోయింది మటుకు వీళ్ళది.

లంక వదిలినవాళ్ళు చాలామంది దక్షిణాన ఉన్న సాగర్ లంకకు చేరారు. ముందు వచ్చినవాళ్ళకు కాస్త సాగుభూమి దొరికింది. తర్వాత వచ్చినవాళ్ళకు ఆపాటి కూడా దక్కలేదు. కుర్రాళ్ళు కేరళకు కూలికి పోతున్నారు. ఇంతకీ ఆ సాగర్ కూడా కోతపడుతూనే ఉంది. సంక్రాంతికి లక్షలమంది మొక్కే కపిలముని గుడి పాతవి సముద్రంలో పోగా, వెనక్కి జరిపి కట్టినదే.