మీకు తెలుసా? బిల్డ్ ఫైలుకు సొంత మాటలు నేర్పొచ్చు

పర్చూరు మిరప కల్లంలో రైతు 'ఈ కుప్ప సర్దండి' అంటే చాలు. తాలుకాయలు ఏరడం, బస్తాలకెత్తడం, తూకం వేయడం అన్నీ అందులోనే ఉన్నాయని కూలీలకు తెలుసు. ప్రోగ్రామర్లు ఇలాంటి మాటను ఫంక్షన్ అంటారు. రోజూ మారే మిరప ధరకు పెట్టుకున్న పేరు వేరియబుల్.

ముక్కలు ముక్కలుగా రాసిన కోడ్‌ను ఒక్క ప్రోగ్రాంగా కట్టే పని చెప్పేదే బిల్డ్ ఫైలు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన 'మేక్' అనే బిల్డ్ సాధనంలో వేరియబుల్స్ (అప్పట్లో మాక్రోలనేవారు) మొదటి నుంచీ ఉన్నాయి. సొంత ఫంక్షన్లే ఆలస్యం. మరో సాధనం 'సీమేక్'లో ఫంక్షన్ లాంటి మాక్రోలు ముందే ఉన్నా, తన వేరియబుల్స్‌ను తనలోనే దాచుకునే అసలు ఫంక్షన్ 2008లో, 2.6 వెర్షన్‌తో గానీ రాలేదు.

'మేసన్' అనే సాధనం మాత్రం ఇప్పటికీ ససేమిరా అంటోంది. వేరియబుల్స్ ఇస్తుంది, ఫంక్షన్లు రాసుకోనివ్వదు. ఆ తలుపు తెరిస్తే బిల్డ్ ఫైలే మరో పెద్ద ప్రోగ్రాం అయి కూర్చుంటుందని దాని భయం. పరాయివాళ్ల బిల్డ్ ఫైలు విప్పి తల పట్టుకున్నవాళ్లెవరూ ఆ భయాన్ని తప్పుపట్టరు! గూగుల్ బిల్డ్ సాధనం 'బేజెల్' వాడే స్టార్‌లార్క్ భాషది మధ్యేమార్గం: ఫంక్షన్ రాసుకోవచ్చు, కానీ అది తనను తానే పిలుచుకోకూడదు. షరతు నిజమైనంతసేపూ తిరిగే 'వైల్' లూపు కూడా లేదు. అందుకే అందులో రాసిన లెక్క అంతులేకుండా తిరుగుతూ ఉండిపోదు.

అన్నట్టు, మేక్‌లో ఆజ్ఞకు ముందు ట్యాబ్ తప్పనిసరి అన్న చిరాకు నియమం మారకపోవడానికి కారణం వింటే నవ్వొస్తుంది. అప్పటికే పదీ పన్నెండు మంది వాడుతున్నారు, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఫెల్డ్‌మన్‌కు ఇష్టం లేకపోయింది.