రాయబారమునకు ముందరి చదువు



మన పల్లెలలో శ్రీకృష్ణ రాయబారము నాటకము చూడనివారు అరుదు. కౌరవసభలో ఆయన పలికిన పలుకులు అందరికిని తెలియును. కాని అంతకుముందే ద్రుపదుని పురోహితుడు హస్తినాపురికి పోయి వచ్చెననియు, పిమ్మట అవతలి పక్షమునుండి సంజయుడు వచ్చి పోయెననియు, బయలుదేరునప్పుడు శ్రీకృష్ణుడు ధర్మరాజు మొదలు ద్రౌపదివరకు ఒక్కొక్కరి మనసును విడివిడిగా వినెననియు మనము అంతగా తలపము. ఆ భాగమునకు చప్పట్లు తక్కువ. నేను నేడు చెప్పబోవునది ఆ చప్పట్లు లేని భాగమును గూర్చియే.

విదేశ వ్యవహారములను గూర్చి విద్యార్థులు కొన్ని వారములో, కొన్ని నెలలో ఒకచోట కూర్చుండి చేయు పరిశోధనాభ్యాసమును ఇంటర్న్‌షిప్పు అనుచున్నారు. దీనికి సరియైన తెలుగు మాట నాకు దొరకలేదు. శుశ్రూష యను మాట కొంత దగ్గరగా నున్నది. దానిని మనము సేవ యను అర్థమున వాడుచున్నాము గాని, ధాతువును బట్టి చూడగా వినవలెనను కోరిక యని దాని యర్థము. గురువు ఇంట నీళ్లు మోయుచు పాఠము వినిన మావంటివారికి ఈ రెండర్థములును ఒక్కటియే.

దీనిని కొలువని భ్రమపడరాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెగలుగా చెప్పెను. తన బుద్ధితో కార్యము తేల్చగలవాడు నిసృష్టార్థుడు. ఇంతవరకే యని హద్దు గలవాడు పరిమితార్థుడు. పత్రము కొనిపోయి యిచ్చువాడు శాసనహరుడు. మన విద్యార్థి ఈ మువ్వురిలో కడపటివాడును కాడు. రాయబారి కాగోరువారికి సివిల్ సర్వీసు పరీక్ష వేరుగా నున్నది. ఇంటర్న్‌షిప్పు చేసినంతమాత్రమున ఆ తలుపు తెరువబడదు.

మరి ఇందు చేయు పని యేమి? మన కడప సీమవారికి తెలిసిన సంగతినే తీసికొందము. మన ఆడవారెందరో కువైటు దేశమునకు పోయి ఇండ్లలో పనిచేయుచున్నారు. ఆ దేశము 2015 లో 68వ సంఖ్య గల శాసనము చేసి, ఇంటి పనివారికి వారమున కొకనాడు సెలవు ఉండవలెననియు, దినమునకు పండ్రెండు గంటలకు మించి పనిచేయింపరాదనియు నియమించెను. 2021 జూన్ నెలలో ఈ పనివారిని గూర్చియే మన దేశమునకును కువైటునకును ఒక ఒడంబడిక జరిగినది. ఇట్టి పత్రములను విద్యార్థి ముందర పెట్టి, శాసనమున నున్నదేమి, ఒడంబడికలో చేరినదేమి, చేరక మిగిలినదేమి, పొరుగు దేశములు తమవారికొరకు ఏమి సాధించుకొన్నవి అని పోల్చి, నాలుగు పుటలలో వ్రాయుమందురు. వ్రాసిన ప్రతి వాక్యమునకును ఆధారము చూపవలెను. వినుటకు చిన్న పని. కాని రేపు అధికారి చర్చకు కూర్చుండునప్పుడు ఆ నాలుగు పుటలలో ఒక తేదీ తప్పినను మాట నిలువదు.

ఇట్టి అభ్యాసమునకు ఢిల్లీలో చోట్లు కలవు. సప్రూ హౌసులోని ప్రపంచ వ్యవహారముల భారత మండలి 1943 లో వెలసినది. 1947 లో ఆసియా దేశముల మహాసభను జరిపిన సంస్థ యిదియే. 2001 లో పార్లమెంటు దీనిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా శాసనము చేసినది. ఇక విదేశాంగ మంత్రిత్వశాఖ తానే 2022 లో ఒక విధానము ప్రకటించినది. దాని ప్రకారము డిగ్రీ చదివిన యువకులకు ఒకటి మొదలు మూడు నెలల వరకు అభ్యాసము. నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనము. రాకపోకలకు విమానపు చార్జీ. బస, భోజనము ఎవరిది వారే చూచుకొనవలెను. ఢిల్లీలో ఆ పదివేలు చాలునా యని మీరడిగినచో, చాలవనియే చెప్పుదును. అన్ని రాష్ట్రములవారికిని చోటుండవలెననియు, వెనుకబడినవని ఎంచిన జిల్లాలవారికి మొగ్గు చూపవలెననియు అందు కలదు. 2018 నాటి ఆ జిల్లాల పట్టికలో మన కడపయు, తెలంగాణములోని ఆసిఫాబాదును ఉన్నవి.

ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు ఇట్టి ప్రకటన తెచ్చి చూపెను. చదివి, ఇది పెద్దయింటి బిడ్డలకు, మనబోటివారికి కాదు అంటిని. వాడు మారు పలుకలేదు. గడువు దాటిపోయినది. ఆ పట్టికలో మన జిల్లా యున్నదో లేదో చూచుటకైనను నేను పూనుకొనలేదు. పాఠము చెప్పినవాని నోటిమాటకు ఎంత బరువుండునో నాకు తెలియనిది కాదు.

అందుచేత, నిరుడు మా వీధిలోని రైతు వచ్చి, "అయ్యవారూ, మూడు నెలలకు బిడ్డను ఢిల్లీకి అంపమంటారా? మళ్లా ఉద్యోగం కూడా ఇయ్యరంట కదా?" అని అడిగినప్పుడు నేను తొందరపడి మాటలాడలేదు. ఆ పిల్ల తల్లి కువైటులో ఆరేండ్లు ఒక యింట పనిచేసినది. బిడ్డ అవ్వ చేతిలో పెరిగినది. కర్చుల లెక్క ముగ్గురమును కూర్చుండి వేసితిమి. బస చౌకగా దొరకు తావులను పిల్ల ముందే విచారించి యుంచినది. కొంత తక్కువపడినది, అది సమకూడినది.

ఆమె పోయి వచ్చినది. అచట ఏమి వ్రాసితివమ్మా యని అడిగితిని. "ఆఫీసు కాగితాల సంగతి బయట చెప్పకూడదు, అయ్యవారూ" అని నవ్వినది. ఆ జవాబు విని నాకు సంతోషమైనది. తల్లిని మాత్రము ఆమె ఒకటి అడిగినదట: నీవు పోయేనాడు వేలిముద్ర వేసిన కాగితమున ఏమున్నది? తల్లికి తెలియదు. అది అరబ్బీలో నుండెను. నిన్న నేను వారి యింటిమీదుగా వచ్చుచుండగా, తల్లీ కూతుండ్రిద్దరును పాత ట్రంకుపెట్టె నడవలోనికి లాగి, ఆ కాగితమును వెదకుచుండిరి.