ఉమ్మడి సొత్తులో మన వంతు పని

కృష్ణకు బెజవాడయొద్ద 1855లో ఆనకట్ట ముగిసెను. 1952లో దానికి గండి పడగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ దాని స్థానమున నిలిచెను. అయినను ఆనకట్ట కట్టినంతమాత్రమున చివరి చేనికి నీరందదని మా పాఠకులకు చెప్పనక్కఱలేదు. ఏటేట పూడిక తీయవలయును, గట్లు బలపఱుపవలయును. చెన్నరాజధానిలో గ్రామస్థులు కలిసి చేయు నీ పనికి కుడిమరామత్తని పేరు. 1858లో దానికి చట్టబలము గూడ చేకూర్చిరి.

నేడు ప్రపంచమున చట్టబలము లేకయే అట్టి ఉమ్మడి మరామత్తొకటి జరుగుచున్నది. అదియే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. కంప్యూటరు ప్రోగ్రాముయొక్క మూలపాఠమును దాచక, ఎల్లరు చదువుటకును, దిద్దుటకును, పంచుటకును హక్కొసగుట దీని ధర్మము. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమమును ప్రకటించెను. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. మన రైతుల చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు పునాది ఈ లినక్సే.

ఇందు పాల్గొనువిధము కడు సులభము. లోపమును కనిపెట్టినవాడు మూలపాఠమునకు ప్రతి తీసికొని, దిద్ది, దిద్దుటకు కారణమును వ్రాసి పంపును. ఆ ప్రోగ్రామును సంరక్షించువారు దానిని చదివి, పరీక్షించి, ప్రశ్నలు వేసి, తృప్తులైనచో మూలమున చేర్తురు. ఎవరే పంక్తిని మార్చిరో చిరకాలము నిలిచియుండును. అచ్చట కులముగాని, పట్టముగాని అడుగువారు లేరు, పనియే సాక్షి.

ఇది మనకేల యందురా? 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అను మన అక్షరము ఒకానొక కూర్పుతో రాగా ఐఫోనులలోని సందేశపు యాపులు కుప్పకూలెను. ఆ మూలపాఠము యాపిల్ సంస్థయొక్క గుప్తధనము గనుక, తెలుగువాడు తన అక్షరమును తాను బాగుచేసికొనలేక, ఆ సంస్థ దిద్దుబాటునకై వేచియుండవలసివచ్చెను. ఇందుకు భిన్నముగా, గుణింతములను, ఒత్తులను తెరపై కుదురుగా నిలుపు హార్ఫ్‌బజ్ బహిరంగసొత్తు. తప్పున్నచో మనమే దిద్ది పంపవచ్చును. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగున నడచు ఆపరేటింగ్ సిస్టమును కూర్చెను. మండలి, గిడుగు, గురజాడ మున్నగు అచ్చుముఖములు స్వేచ్ఛాలైసెన్సుతో వెలువడినవి.

జీతములేని చాకిరి యేల అని కొందఱాక్షేపింతురు. ఈ శ్రమవలన గొప్ప కంపెనీలు లాభపడుచున్నవనుటయు సత్యమే. కాని తాను వాడు కాలువను పరులే బాగుచేయవలెనను బుద్ధి ఎట్టి ఫలమునిచ్చునో 2014లో లోకము చూచెను. అంతర్జాలపు రహస్యములను కాపాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో “హార్ట్‌బ్లీడ్” అను లోపము బయటపడెను. అసంఖ్యాకములైన సర్వరులు దానిపై ఆధారపడియుండగా, దానిని కనిపెట్టియుండినవారు వేళ్లపై లెక్కింపదగినంతమంది! ధనము చాలలేదు, చూచు కన్నులును చాలలేదు. పిమ్మటగాని పెద్ద సంస్థలు విరాళములకు పూనుకొనలేదు.

బెజవాడ పరిసరములలో ఇంజనీరింగు కళాశాలలు కలవు. ఏటేట వేలకొలది విద్యార్థులు పరీక్షకై ప్రోగ్రాములు వ్రాసి, పరీక్ష కాగానే పాఱవైచుచున్నారు. అట్టి శ్రమలో కొంతయైన ఉమ్మడి సొత్తునకు మరలించినచో, అనుభవజ్ఞుల దిద్దుబాటు వారికి ఉచితవిద్య యగును. కోడు రానివారు లోపములను తెలుపవచ్చును, తెలుగు మాటలను కూర్పవచ్చును. ఈ నగరమున పెక్కు గ్రంథములు పాతసంకేతముల అచ్చుముఖములతో కూర్పబడి, వెదకుటకు వీలులేక పడియున్నవి. వానిని యూనికోడునకు మార్చు సాధనములను బాగుచేయుట ప్రచురణకర్తలకు స్వలాభమే.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము ఈ బెజవాడలోనే సంఘముగా నేర్పడెను. 1935లో పాతూరి నాగభూషణముగారు డెల్టా కాలువపై పడవలో పుస్తకములను ఊరూర త్రిప్పిరి. అప్పుడును విద్య ఉమ్మడి సొత్తనియే వారి వాదము. భూస్వాములు, వర్తకులు నాడు గ్రంథాలయములకు చేయూతనిచ్చిరి. నేడు తమ ఊరి కళాశాలలో ఒక్క విద్యార్థికైనను ఈ పనికై వేతనమేర్పఱచిన, తెలుగు అక్షరము పరుల దయకై వేచియుండదు. నీరు వాడుకొనువాడు పార పట్టవలయునను న్యాయము డెల్టావాసులకు క్రొత్తది కాదు.