నూట నలభై తొమ్మిది

ఒక కుర్రాడికి ఒక గ్రూపులోని మూడు పేపర్లలో వచ్చిన మార్కులు: 55, 48, 46. మామూలు డిగ్రీలో అయితే మూడూ పాస్ మార్కులే. చార్టర్డ్ అకౌంటెన్సీలో మాత్రం గ్రూపు మొత్తం పోయినట్టే. పేపరుకు 40 తెచ్చుకుంటే చాలదు, గ్రూపు మీద 300కి 150 రావాలి. ఈ కుర్రాడికి వచ్చింది 149. ఆ ఒక్క మార్కు కోసం మూడు పేపర్లూ మళ్లీ రాయాలి. సీఏ విద్యార్థులు దీన్ని ‘అగ్రిగేట్ పోవడం’ అంటారు. ఏదైనా పేపరులో 60 తెచ్చుకున్నవాళ్లకు కొంత నయం. ‘ఎగ్జెంప్షన్’ దొరుకుతుంది, తర్వాతి మూడు అటెంప్టుల్లో ఆ పేపరు జోలికి వెళ్లక్కర్లేదు.

కష్టమైన చదువేదని అడిగితే మన ఇళ్లలో ముందు ఐఐటీ, మెడిసిన్ పేర్లే వస్తాయి. అక్కడ అసలు కష్టం గుమ్మం దగ్గర. సీట్లు తక్కువ, రాసేవాళ్లు లక్షల్లో. సీఏలో సీట్ల లెక్కే లేదు. ఇంటర్‌లో ఎంఈసీ చదివినా, బైపీసీ చదివినా తొలి మెట్టు ఫౌండేషన్ రాయొచ్చు. పక్కవాడి మార్కులతో పనిలేదు, గీత దాటిన ప్రతి ఒక్కరూ పాసే. అయినా 2023 నవంబరులో చివరి మెట్టు ఫైనల్ రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్లలో రెండూ గట్టెక్కింది 9.42 శాతం మందే. 2024 మేలో అది 19.88కి పెరిగింది. అంటే అప్పుడు కూడా ప్రతి ఐదుగురిలో నలుగురు రెండూ దాటలేకపోయారు.

మరి ఒక్కో గ్రూపే నింపాదిగా రాసుకోవచ్చు కదా? రాయొచ్చు. కానీ రెండూ కలిపి రాస్తే ఒక వెసులుబాటు ఉంది. ప్రతి పేపరులో 40 ఉండి, ఆరు పేపర్లూ కలిపి 600కి 300 వస్తే రెండు గ్రూపులూ పాసైనట్టే. మొదటి గ్రూపులో 149 వచ్చినా, రెండో గ్రూపులో 151 వస్తే ఒడ్డున పడతారు. ఆ ఆశతోనే చాలామంది ఆరింటి బరువూ ఒకేసారి నెత్తికెత్తుకుంటారు.

పుస్తకాల కష్టం ఇది. దీనికి ఆఫీసు కష్టం తోడవుతుంది. సీఏలో నడిమి మెట్టయిన ఇంటర్మీడియట్ స్థాయి రెండు గ్రూపులూ అయ్యాక ఒక సీఏ దగ్గర ఆర్టికల్‌షిప్ అనే శిక్షణ పొందాలి. ఓచర్లు సరిచూడటం, జీఎస్టీ రిటర్నులు, మార్చి ముగిసిందంటే బ్యాంకు శాఖల ఆడిట్లు, సెప్టెంబరు వస్తే ట్యాక్స్ ఆడిట్ల గడువు. పగలంతా క్లయింటు లెక్కలు చూసి, రాత్రి పుస్తకం తెరిచే జీవితం అది. గతంలో మూడేళ్లుండే ఆర్టికల్‌షిప్‌ను 2023 జులై నుంచి రెండేళ్లకు తగ్గించారు. అది పూర్తయ్యాక ఫైనల్‌కు ముందు ఆరు నెలలు చదువుకే వదిలేశారు. చాలా ముందే జరగాల్సిన మార్పు ఇది.

ఫెయిలైనవాడిని ఇంకో శత్రువు వెంటాడుతుంది. చరిత్ర పాఠం ఏడాది తర్వాతా అదే పాఠం. పన్నుల పాఠం అలా కాదు. ఏటా బడ్జెట్‌తో పాటు ఫైనాన్స్ యాక్ట్ వస్తుంది, నిరుడు కంఠతా పట్టిన సెక్షన్ ఈ ఏడు మారిపోతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి ఏకంగా కొత్త చట్టమే అమల్లోకి వచ్చేలా 2025లో పార్లమెంటు ఆమోదించింది.

ఇంత కాఠిన్యం అవసరమా అంటే, అవసరమే. కంపెనీ లెక్కల కింద సీఏ పెట్టే సంతకాన్ని చూసే బ్యాంకు అప్పిస్తుంది, మదుపరి వాటా కొంటాడు. 1949లో ప్రత్యేక చట్టం చేసి, ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పి అప్పగించింది ఆ సంతకం బాధ్యతనే. అర్థం లేనిది ఫెయిలైనవాళ్ల నిరీక్షణ. ఫైనల్ ఏడాదికి రెండుసార్లే జరిగిన రోజుల్లో 149 దగ్గర ఆగినవాళ్లు ఆరు నెలలు కాచుకోవాల్సి వచ్చేది. 2025లో ఫైనల్‌ను ఏటా మూడుసార్లు పెట్టే పద్ధతి తెచ్చారు. మేలో పోయిన గ్రూపును ఆ ఏడాది సెప్టెంబరులోనే రాసే వీలు కలిగింది.