భయమెరుగని కన్ను
హవాయి గాయకుడు ఇజ్రాయెల్ కామకావివోఓలే

1997వ సంవత్సరము జూలై 10వ తేదీన హవాయి రాష్ట్రమందు పతాకములు సగము వఱకు దింపబడెను. హోనలూలూ నగరమందలి శాసనసభా భవనమున, కోవా అను దేశీయ వృక్షపు దారువుతో చేసిన పేటికలో, ఒక గాయకుని భౌతికకాయము ప్రజల దర్శనార్థము ఉంచబడెను. అంతకు పూర్వము ఆ గౌరవము ఇరువురకే దక్కినది. ఆ యిరువురును ప్రభుత్వ పదవులను అలంకరించినవారు. ఈ మూడవవానికి పదవి లేదు, అధికారము లేదు. నాలుగు తంత్రుల చిన్న వాద్యమును చేతబట్టి పాడుటయే ఆయన చేసిన పని. వయస్సు ముప్పదియెనిమిది సంవత్సరములు. ఆయనను కడసారి చూచుటకై సుమారు పదివేలమంది తరలివచ్చిరి.

ఆయన పేరు ఇజ్రాయెల్ కామకావివోఓలే. అభిమానులకు ఆయన 'బ్రదా ఇజ్', అనగా ఇజ్ అన్న. ఆ యింటిపేరు మన నోటికి కొఱుకుడు పడదు గాని, పదచ్ఛేదము చేసి చూచినచో అర్థము సుబోధమే. 'కా' అనునది నిర్దేశకము; 'మాకా' అనగా కన్ను; 'వివో' అనగా భయము; 'ఓలే' అనగా లేనిది. భయము లేని కన్ను అని భావము. మన 'భయము లేని' అను కూర్పులోవలెనే అచ్చటను లేమిని తెలుపు మాట భయమునకు తరువాతనే వచ్చుట మన విద్యార్థులకు వినోదమును గొలుపును.

ఇజ్రాయెల్ 1959 మే 20న హోనలూలూలో జన్మించెను. అదే సంవత్సరము ఆగస్టు 21న హవాయి, అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఏబదియవ రాష్ట్రమయ్యెను. అప్పటికి శిశువునకు మూడు నెలలు. ఆ విలీనము వెనుక ఒక విషాదగాథ కలదు. హవాయి ఒకప్పుడు స్వతంత్ర రాజ్యము. 1893 జనవరి 17న, అమెరికా నావికాదళము తీరమున దిగియుండగా, వర్తకులును తోటల యజమానుల పక్షమువారును కలిసి లిలియువొకలాని రాణిని పదవీచ్యుతను గావించిరి. 1898లో ఆ ద్వీపములు అమెరికాలో కలుపబడెను. ఆ రాణి స్వయముగా వాగ్గేయకారిణి. లోకమున హవాయి పాట యనగానే స్మరణకు వచ్చు 'అలోహా ఓయే' ఆమె రచనయే.

ఉపాధ్యాయులమైన మనము ముఖ్యముగా గమనింపదగినది మఱియొకటి. 1896లో బడులయందు ఇంగ్లీషే బోధనాభాషగా నుండవలెనని చట్టము చేయబడెను. తల్లి ఒడిలో నేర్చిన పలుకును బడిలో పలికిన పిల్లలు దండనకు గురియైరి. దండనను ఎఱిగిన పిల్లలు పెద్దలై, తమ బిడ్డలకు ఆ బాధ కలుగరాదని ఇంటిలోను ఆ భాషను మానుకొనిరి. ఇట్లు రెండు మూడు తరములలో ఒక భాష ముసలివారి నోట మాత్రమే మిగులు స్థితికి వచ్చెను. నీహౌ అను ఒక చిన్న దీవి మాత్రము దీనికి మినహాయింపు. 1864లో ఒక కుటుంబమువారు ఆ దీవిని కొనిరి. పరులకు అచ్చట స్వేచ్ఛగా ప్రవేశము లేదు. అందుచేత ఆ దీవి జనులకు హవాయి భాష నిత్యవ్యవహారభాషగనే నిలిచినది. ఇజ్రాయెల్ తల్లివైపువారు ఆ దీవికి చెందినవారు. ఆయన గొంతులో ఆ భాష సహజముగా పలుకుటకు ఇదియొక కారణము.

తల్లిదండ్రులు వైకీకీ తీరమందలి ఒక వినోదశాలలో పనిచేసెడివారు. మేనమామ మో కీయలే పేరొందిన గాయకుడు. బాలునకు సంగీతము ఇంటి గాలిలోనే లభించెను. అతడు చేపట్టిన ఉకులేలే కూడ ఒక వలసవాద్యమే. 1879లో 'రావెన్స్‌క్రాగ్' అను ఓడలో మదీరా దీవి నుండి చెఱకుతోటల పనికై వచ్చిన పోర్చుగీసువారి చిన్న తంత్రీవాద్యమే హవాయిలో ఆ రూపమును పొందెను. 'దుముకెడి పురుగు' అని ఆ పేరునకు సాధారణముగా చెప్పు అర్థము. తంత్రులపై వ్రేళ్ల చురుకుదనము ఆ పేరులో ధ్వనించును.

హవాయి సంగీతము మనకును బొత్తుగా క్రొత్తది కాదు. ఒడిలో పరుండబెట్టుకొని, తంత్రులపై లోహపు కడ్డీని జార్చుచు వాయించు 'హవాయి గిటారు' అచ్చట 19వ శతాబ్ది చివర రూపొందినది. 1940 దశకమున టావు మో అను వాదకుడు కుటుంబసమేతముగా కలకత్తాలో నివసించి ఆ విద్యను అచ్చటివారికి నేర్పెను. స్వరము నుండి స్వరమునకు జారు ఆ నాదమున మన గమకముల ఛాయ వినబడుటచేత గాబోలు, అది మన దేశమున చలనచిత్రగీతములలోను ఆదరణ పొందెను.

ఇజ్రాయెల్ బాల్యము గడచుచుండగా కుటుంబము ఒవాహు దీవి పడమటి తీరమందలి మాకహాకు చేరెను. అది మూలవాసులు అధికముగా నివసించు ప్రాంతము. అచ్చట 1976లో అతడును, అన్న స్కిప్పీయును, మఱికొందఱు మిత్రులును కలిసి 'మాకహా సన్స్ ఆఫ్ నీహౌ' అను బృందమును స్థాపించిరి. అది హవాయివారు తమ నృత్యమును, నౌకావిద్యను, భాషను తిరిగి వెదకికొనుచున్న పునరుజ్జీవనకాలము. 1978లో రాష్ట్ర రాజ్యాంగమును సవరించి హవాయి భాషను అధికారభాషగా అంగీకరించిరి. ఈ యువకుల పాటలు ఆ మేల్కొలుపునకు స్వరమయ్యెను. కాని 1982లో స్కిప్పీ గుండెపోటుతో మరణించెను. అతడు స్థూలకాయుడు, తమ్ముని శరీరమును ఆ త్రోవనే నడచుచుండెను.

లోకమునకు ఇజ్రాయెల్‌ను పరిచయము చేసిన పాట పుట్టుక విచిత్రమైనది. 1988లో ఒక రాత్రి సుమారు మూడు గంటలవేళ, హోనలూలూలో ఒక శబ్దగ్రహణశాలను మూసి ఇంటికి పోబోవుచున్న మిలన్ బెర్టోసా అను సాంకేతికునకు ఫోను వచ్చెను. ఒక గాయకుడు ఇప్పుడే పాడదలచినాడట. పదునైదు నిమిషములలో రావలెనని బెర్టోసా చెప్పెను. వచ్చినవాడు మహాకాయుడు, అతడు కూర్చుండదగిన కుర్చీని వెదకి తేవలసివచ్చెను. ఆపై ఒక్కసారి, ఒక్క విడతలోనే, ఉకులేలే తోడుగా పాట ముగిసెను. 1939 నాటి చలనచిత్రములో జూడీ గార్లండ్ పాడిన ఇంద్రధనుస్సు పాటను, 1967లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' పాటను ఒకటిగా అల్లి, మాటలను వరుసను తన మనస్సునకు తోచినట్లు కొంత మార్చి పాడెను. ఆ నాదఫలకము అయిదేండ్లు మూలబడి యుండెను. 1993లో నిర్మాత జాన్ డి మెల్లో దానిని విని, 'ఫేసింగ్ ఫ్యూచర్' అను సంపుటిలో చేర్చెను. 2005లో ఆ సంపుటి, పది లక్షల ప్రతులకు గుర్తుగా ప్లాటినమ్ యోగ్యత పొందిన మొదటి హవాయి సంపుటి యయ్యెను. 2010లో జర్మనీలో ఆ పాట ప్రథమస్థానమును పొందెను. 2020 సంవత్సరపు పట్టికలో అమెరికా గ్రంథాలయ కాంగ్రెసువారు దానిని జాతీయ నాదభాండారమున చేర్చిరి.

లోకము ఎఱిగిన యిజ్రాయెల్ ఇంతవఱకే. కాని ఆ సంపుటి ఇంద్రధనుస్సుతో ప్రారంభము కాదు. మొదట వినబడునది 'హవాయీ 78' అను పాట. మికీ అయోనే మున్నగువారు రచించిన ఆ పాటలో, పూర్వపు రాజులు, రాణులు నేడు తిరిగివచ్చి తమ పుణ్యభూమిపై వెలసిన రహదారులను, కట్టడములను చూచినచో ఏమనుకొందురో యను ప్రశ్న కలదు. 'ధర్మమువలననే నేలకు జీవము నిలుచును' అను భావముగల ధ్యేయవాక్యము అందు వినబడును. 1843లో మూడవ కామెహమెహా రాజు పలికినదిగా ప్రసిద్ధమైన ఆ వాక్యము నేడును ఆ రాష్ట్రపు ధ్యేయవాక్యము. రాజ్యము పోయినను వాక్యము మిగిలెను. ఆ సంపుటి వెలువడిన 1993 నవంబరు నెలలోనే, నూఱేండ్ల క్రిందటి ఆ అన్యాయమునకు అమెరికా ప్రభుత్వము శాసనపూర్వకముగా క్షమాపణ చెప్పెను. రాజ్యము మాత్రము తిరిగి రాలేదు.

ఇంద్రధనుస్సు పాటను విని తృప్తిపడువారిని నేను తప్పుపట్టను. అది నిజముగా మధురమైనది. అయితే ఆ మాధుర్యములోని మెత్తని దిగులు ఎచ్చటినుండి వచ్చినదో తెలియవలెనన్నచో మొదటి పాటను కూడ వినవలెను. ప్రపంచమునకు ఊరట నిచ్చిన ఆ గొంతు, సొంత నేలపై పరాయివారైనవారి గొంతు.

ఆయన దేహభారము ఒక దశలో 343 కిలోలకు చేరెను. నడచుట, ఊపిరి తీయుట కూడ కష్టమయ్యెను. 1997లో హవాయి సంగీతపురస్కారములలో ఉత్తమగాయకుడు మొదలు నాలుగు గౌరవములు ఆయనకు లభించెను. ఆ సభను ఆయన ఆసుపత్రి గదినుండియే చూచెను. ఆ యేడు జూన్ 26న శ్వాసకోశవ్యాధితో కన్నుమూసెను. జూలై 12న మాకువ తీరమున చితాభస్మమును సముద్రమున కలుపునపుడు, పడవలతోను అలపలకలతోను నీటిలోనికి వచ్చిన జనులు ఏడ్చుటకు మాఱుగా చేతులతో నీటిని చరచుచు హర్షధ్వానములు చేసిరి.

హవాయి భాష ఒక్క గాయకునిచేతనే బ్రదికినదని చెప్పరాదు. 1984లో 'పూనానా లేయో' అనగా 'పలుకుల గూడు' అను పేరుతో శిశువిద్యాలయములను ప్రారంభించిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆ భారమును మోసిరి. 1987లో ప్రభుత్వ పాఠశాలలలోను ఆ భాషలో బోధన మొదలయ్యెను. తొంబది సంవత్సరముల క్రిందట బడి నుండి వెడలగొట్టబడిన భాష బడి ద్వారముననే తిరిగి ప్రవేశించెను. అయితే పిల్లలు ఒక భాషను నేర్చుటకు పాఠములు మాత్రమే చాలవు. ఆ భాషలో తాము పాడుకొనదలచు పాటలుండవలెను. ఇజ్రాయెల్ ఆ పాటలను వారికిచ్చెను.

తరగతిలో ఎప్పుడైన తీరిక దొరకినచో ఉపాధ్యాయమిత్రులు విద్యార్థులకు ఈ రెండు పాటలను వినిపింతురు గాక. ముందుగా ఇంద్రధనుస్సు పాటను, పిదప 'హవాయీ 78'ను. రెండవది విన్నపిమ్మట మొదటిదానిని మఱల వినిపించి, ఇప్పుడేమి వినబడినదని పిల్లలనే అడుగుడు.