మీకు తెలుసా? నొప్పి ఉన్న కాలికే పని పెట్టిన డాక్టరు

స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకు పరుగంటే ప్రాణం. 1990లలో ఆయనకు అకిలిస్ టెండన్ నొప్పి పట్టుకుంది. పిక్క కండరాన్ని మడమకు కలిపే లావాటి తాడు లాంటి భాగం అది. నెలలు గడిచినా తగ్గలేదు. ఆపరేషన్ చెయ్యమని తన పైడాక్టరును అడిగితే ఆయన ఒప్పుకోలేదు. టెండన్ పూర్తిగా తెగిపోతేనన్నా ఆపరేషన్ చెయ్యక తప్పదు కదా అనుకుని, ఆల్ఫ్రెడ్‌సన్ ఆ కాలి మీదే బరువు మోపి రోజూ కసరత్తు మొదలుపెట్టాడు. టెండన్ తెగలేదు సరికదా, నొప్పే పోయింది!

తనకు తగ్గిందని ఊరుకోలేదాయన. అదే నొప్పితో పరుగు మానేసిన 15 మందితో 12 వారాలు ఆ కసరత్తే చేయించి, 1998లో ఫలితాలు ప్రచురించాడు. పదిహేను మందీ మళ్లీ మునుపటిలా పరుగెత్తారు. పోల్చి చూడటానికి తీసుకున్న మరో 15 మందికి విశ్రాంతి, నొప్పి మాత్రలు, బూట్ల మార్పు వంటి మామూలు వైద్యమే అందింది. వాళ్లలో ఒక్కరికీ తగ్గక, చివరికి అందరికీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. చిన్న అధ్యయనమే. అయినా, టెండన్ నొప్పికి విశ్రాంతే మందు అన్న నమ్మకాన్ని కదిలించింది.

ఆ కసరత్తు చెయ్యడానికి ఇంట్లో ఒక మెట్టు ఉంటే చాలు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, బరువంతా నొప్పి ఉన్న కాలి మీదికి మార్చి, మడమను మెట్టు కంటే కిందికి మెల్లగా దించాలి. పైకి లేవడానికి మాత్రం రెండో కాలిని వాడాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, కాస్త వంచి మళ్లీ 15 చొప్పున మూడుసార్లు. పొద్దున, సాయంత్రం కలిపితే రోజుకు 180. తేలికగా అనిపించిన రోజు నుంచి వీపు మీది బ్యాగులో బరువు వేసుకోవాలి. నొప్పి సరిగ్గా టెండన్ మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మాత్రం ఈ పద్ధతి అంతగా పనిచెయ్యదు. కాబట్టి ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

*

కాలు బెణికితే విశ్రాంతి, ఐసు, బిగువు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. ఇంగ్లిషులో ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి ‘రైస్’ అని 1978లో తన పుస్తకంలో రాసినవారు అమెరికన్ డాక్టరు గేబ్ మిర్కిన్. తర్వాత ఆట స్థలాలన్నింటా అదే సూత్రమైంది. 2014లో మిర్కినే తన మాటను సవరించుకున్నారు. ఐసు, పూర్తి విశ్రాంతి రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చెయ్యవచ్చని రాశారు. దెబ్బ తగిలిన చోట వచ్చే వాపు, శరీరం మొదలుపెట్టిన మరమ్మతులో భాగమే. నొప్పి తగ్గడానికి కాసేపు ఐసు పెట్టుకుంటే పెద్ద ఇబ్బంది లేదు. రోజుల తరబడి మంచం దిగకుండా ఉంటేనే కండరం కరిగి, కీలు బిగుసుకుపోతుంది. మూడున్నర దశాబ్దాల పాటు ప్రపంచమంతా వల్లించిన తన మాటనే మార్చుకున్న ఆయన నిజాయితీకి నమస్కరించాలి.

*

పరుగులో ఉన్నట్టుండి తొడ వెనక పట్టుకుని ఆగిపోయే ఆటగాళ్లను టీవీలో చూస్తుంటాం. ఆ హామ్‌స్ట్రింగ్ గాయాన్ని చాలావరకు ఆపే కసరత్తు ఒకటుంది. మోకాళ్ల మీద నిలబడాలి. వెనక ఇంకొకరు మన మడమలను నేలకు అదిమి పట్టుకోవాలి. నడుము వంచకుండా, మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి, వీలైనంత మెల్లగా ముందుకు ఒరగాలి. ఇక ఆపుకోలేమనిపించినప్పుడు చేతులు నేలకు ఆనించాలి. దీని పేరు నార్డిక్ హామ్‌స్ట్రింగ్. డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్ల మీద జరిపిన అధ్యయనం 2011లో వెలువడింది. ఈ కసరత్తు చేసిన 461 మందిలో 15 గాయాలు, చెయ్యని 481 మందిలో 52 గాయాలు! పాత గాయం తిరగబెట్టడంలో తేడా ఇంకా పెద్దది.

ఇంత రుజువు ఉన్నాక అందరూ చేస్తూ ఉంటారనుకుంటాం. యూరప్ ఛాంపియన్స్ లీగ్ క్లబ్బులు, నార్వే అగ్రశ్రేణి క్లబ్బుల తీరును పరిశీలించి 2015లో ఒక నివేదిక వచ్చింది. అన్ని క్లబ్బుల సీజన్లనూ కలిపి లెక్కిస్తే వచ్చిన 150లో 125 సార్లు ఆ క్లబ్బులు ఈ కసరత్తు కార్యక్రమాన్ని సరిగా పాటించలేదు. డబ్బుకు, డాక్టర్లకు కొరత లేని క్లబ్బులవి. నన్ను అన్నింటికంటే కలవరపెట్టిన అంకె ఇదే. పరిశోధన లేక కాదు, అది మైదానం దాకా చేరక ఆటగాళ్లు కుంటుతున్నారు.

*

మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగితే శస్త్రచికిత్సతో పని అయిపోయిందనుకుంటారు కబడ్డీ కుర్రాళ్లు చాలామంది. పరుగెత్తగలిగితే చాలు, బరిలోకి దిగిపోతారు. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 2016లో ప్రచురించిన అధ్యయనం తప్పక చదవాల్సింది వాళ్లే. శస్త్రచికిత్స తర్వాత తొమ్మిది నెలల దాకా, ఆటలోకి తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ మోకాలి గాయమయ్యే రేటు 51 శాతం తగ్గింది. అలాగని క్యాలెండరు ఒక్కటే చూస్తే సరిపోదు. గాయమైన కాలి తొడ బలం రెండో కాలికి దాదాపు సమానం కావాలి, ఒంటికాలి గెంతు పరీక్షలో నెగ్గాలి. మన పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి లిగమెంటు దెబ్బతింది. శస్త్రచికిత్సలు దాటుకుని వచ్చి, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు.

*

ఫాస్ట్ బౌలరుకు ఎంత విశ్రాంతి ఇస్తే అంత మంచిదా? ఆస్ట్రేలియా బౌలర్ల మీద 2003లో వెలువడిన అధ్యయనం కాదంటోంది. ఒక బౌలింగ్‌కూ ఇంకో బౌలింగ్‌కూ మధ్య సగటున రెండు రోజుల కంటే తక్కువ విరామం దొరికినవాళ్లకు గాయాల ముప్పు పెరిగింది. ఐదు రోజులు, అంతకుమించి విరామం తీసుకున్నవాళ్లకూ పెరిగింది! మూడు నాలుగు రోజుల వాళ్లే మెరుగు. 2025లో ఇంగ్లండ్‌లో మన సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేసి నిలబడటం చూసి అబ్బురపడ్డాం. అలాంటి భారం మోయాలంటే ఒంటికి అలవాటు నెలల ముందు నుంచే పడాలి.

*

నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల వయసున్న 1,892 మంది ఫుట్‌బాల్ అమ్మాయిల మీద జరిపిన అధ్యయనం 2008లో వచ్చింది. ఆటకు ముందు 20 నిమిషాల ప్రత్యేక వార్మప్ చేసిన క్లబ్బుల్లో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. తీవ్రమైనవి సగానికి దగ్గరగా తగ్గాయి. ఆ వార్మప్పే ‘ఫిఫా 11 ప్లస్’. పరుగు, బలం, ఒంటికాలి మీద నిలకడ, గెంతి మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం, అంతే. ఏ యంత్రమూ అక్కర్లేదు. మన జిల్లా పరిషత్ హైస్కూళ్ల వ్యాయామ ఉపాధ్యాయులు రేపే మొదలుపెట్టవచ్చు. వారానికోసారి మొక్కుబడిగా చేస్తే మాత్రం ఫలితం ఉండదు. ఎక్కువసార్లు చేసిన జట్లకే గాయాలు తక్కువయ్యాయి.

*

ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణుకుతుంది. నెదర్లాండ్స్‌లో 522 మంది ఆటగాళ్లలో సగం మంది, మామూలు చికిత్సతో పాటు ఎనిమిది వారాలు ఇంట్లోనే సొంతంగా బ్యాలెన్స్ కసరత్తులు చేశారు. ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు వాళ్లలో 22 శాతం, చెయ్యనివాళ్లలో 33 శాతం. ఒంటికాలి మీద నిలబడటం, ఆపైన కళ్లు మూసుకుని నిలబడటం, ఆపైన బంతి విసురుతూ పట్టుకుంటూ నిలబడటం ఈ కోవలోవే. వాపు తగ్గి, పాదం మీద బరువు మోపగలిగాక డాక్టరునో ఫిజియోనో అడిగి మొదలుపెట్టవచ్చు.