సీసం లేని పీజో: మన ముగ్గురాయితో అవుతుందా?

గ్యాస్ లైటర్ నొక్కితే టక్‌మని నిప్పురవ్వ వస్తుంది కదా, అందులో బ్యాటరీ ఉండదు. లోపలి పింగాణీ ముక్క మీద దెబ్బ పడగానే కరెంటు పుడుతుంది. దీన్నే పీజో ఎలక్ట్రిసిటీ అంటారు. చిక్కేంటంటే, ఆ ముక్క మామూలుగా పీజెడ్‌టీ. దాని బరువులో సగానికి పైగా సీసమే, అంటే విషం.

మరి సీసం వద్దంటే? పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి ఉంది కదా, అందులో ఉండేది బేరియం. దాంతో బేరియం టైటనేట్ చేయొచ్చు. కానీ అది ఒక న్యూటన్ బలానికి ఇచ్చే చార్జి సుమారు 190 పికోకూలుంబులే.

ఇక్కడే డోపింగ్ పనికొస్తుంది. 100 బేరియం పరమాణువుల్లో 15 తీసి కాల్షియం, 100 టైటానియంలో 10 తీసి జిర్కోనియం పెడతారు. అప్పుడు స్ఫటికం ఏ ఒక్క రూపంలోనూ గట్టిగా నిలబడదు, కొద్ది ఒత్తిడికే లొంగుతుంది. 2009లో ల్యూ, రెన్ అనే శాస్త్రవేత్తలు ఇలాగే 620 సాధించారు!

అయితే ఒక నష్టం ఉంది. మామూలు బేరియం టైటనేట్ సుమారు 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇది 93 దగ్గరే పీజో గుణం పోగొట్టుకుంటుంది. మన కర్నూలు ఎండకు ఏం కాదు గానీ, బండి ఇంజిన్ పక్కన పెట్టే సెన్సర్‌కు చాలదు. చార్జి తగ్గకుండా వేడిని తట్టుకునే డోపింగ్ ఏది? ఇప్పుడు వెతుకుతున్నది దాన్నే.